ముడి జారిపోతాది

మే 28, రాత్రి

వేట నిషేధంలో ఇవాళ 44వ రోజు. జూన్ 14 దాకా మరబోట్లు కదలవు. విశాఖ హార్బర్‌లో జెట్టీ పొడవునా బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎటు చూసినా పెయింటు వాసన, విప్పి పడేసిన ఇంజన్లు. మామూలు రోజుల్లో తెల్లవారుజామున నేను చేపల లెక్కలు రాసే పుస్తకం పట్టుకుని ‘కానాగంతలు ఎన్ని బుట్టలు, ఏ లోతులో పడ్డాయి’ అని అడిగితే నాతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. వేలం పాడే మనిషి మోచేత్తో పక్కకి నెట్టేస్తాడు. అందుకే అసలు మాటలన్నీ ఈ 61 రోజుల నిషేధంలోనే.

పొద్దున కొచ్చి నుంచి వచ్చిన వలల నిపుణుణ్ణి తీసుకెళ్ళాను. ఆయనకి తెలుగు రాదు, మనవాళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదు. మధ్యన నేను.

ఆయన రెండు వల ముక్కలు తెచ్చాడు. ఒకటి మామూలుది, డైమండు ఆకారపు కన్ను (వలలో రంధ్రం). లాగగానే కళ్ళన్నీ మూసుకుపోయాయి. రెండోది 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను. ఎంత లాగినా తెరిచే ఉంది, నా పెన్సిలు సులువుగా దూరింది. వల చివరి సంచికి ఇది కడితే సన్న గులివింద చేపలు తప్పించుకుంటాయి, పెరిగాక మళ్ళీ మీకే పడతాయి అన్నాడు. చెప్పాను.

“మాకే అని ఏటి గేరంటీ? నాను వొగ్గేస్తే పక్క బోటోడు పట్టీడా?” అన్నాడు ఒక డ్రైవరు.

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, రాసుకున్నాడు. నాకైతే ఆ ప్రశ్నే సరైనదనిపించింది. ఒక్క బోటు మారితే ఏం లాభం?

ఈలోగా వల బాగుచేస్తున్న తాత ఆ ముక్క అందుకుని, ఒక మూల కాలి బొటనవేలికి తగిలించి, ఎదుటి మూల పట్టి గట్టిగా లాగాడు. చదరం వంకరైంది. “ముడి జారిపోతాది సార్. నాలుగు వేటలకి మళ్ళీ పాత కన్నే.”

నేను నోరు తెరిచేలోపే కొచ్చి ఆయనకి అర్థమైపోయింది. వల కుప్ప మీదే కూలబడ్డాడు. ముడి లేని వల వాడాలట. “సిరిగితే నానెలా అల్లాలి?” అన్నాడు తాత. అరగంట ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు, నా అవసరం పెద్దగా పడలేదు.

బయల్దేరబోతుంటే ఆ డ్రైవరే ఆపాడు. “పోయినేడూ రాసుకెళ్ళారు గదమ్మా, ఏటైందది?”

ఈసారి ఖాళీ చేతులతో వెళ్ళలేదు. వాళ్ళ బోటు లెక్క, ఏ నెల దాణా మిల్లుకి పోయే సన్న చేప ఎంత పడిందో, తెలుగులో ఒక్క కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. రెండుసార్లు చదివి నా చేతిలో పెన్ను లాక్కున్నాడు.

“ఆగస్టు తప్పు. ఇంజన్ పాడై వారం ఎల్లనేదు మేం.”

కొట్టేసి, పక్కన సరైన రోజులు వేసిచ్చాడు. రేపు పొద్దున్నే రిజిస్టరులో దిద్దాలి.