ఎవులు తీసుకెళ్ళేరు?

మా ఊళ్ళో ఎవరికైనా పని దొరికిందని తెలిస్తే, జీతమెంత అని అడగడానికి ముందే 'ఎవులు తీసుకెళ్ళేరు?' అని, అంటే ఎవరు తీసుకెళ్ళారని, అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలంలో పుట్టి పెరిగిన నాకు ఆ ప్రశ్నలో వింతేమీ కనిపించేది కాదు. మా చిన్నాన్న వెల్డింగు పనికి గల్ఫు వెళ్ళింది మేనమామ మాట మీద. ఆయన వెనుక మా వీధి నుంచి మరో ఆరుగురు వెళ్ళారు, అందరూ వెల్డర్లు, ఫిట్టర్లే. మా వీధిలో ఎలక్ట్రీషియన్ ఒక్కడూ ఎందుకు లేడో నాకు చాలా కాలానికి గాని తట్టలేదు: ఆ పనిలోకి మొదట వెళ్ళినవాడు లేడు.

ఈ దారి పాతదే. గత శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈ తీరం నుంచి వేలమంది రంగూనుకు, మన పెద్దల మాటలో రంగానికి, వలస వెళ్ళినప్పుడు కూడా నడిపించినది మేస్త్రీయే. అతడు అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించి, మిల్లులోనో రేవులోనో పనికి కుదిర్చి, ఆ బాకీని కూలిలో కోసుకునేవాడు. కూలీ ఎలాంటివాడో యజమాని విచారించే పని లేదు, పూచీ అంతా మధ్యవాడిది. ఒకరి వెంట ఒకరు వెళ్ళే చోట కష్టం కూడా ఒక్కసారిగానే వచ్చి పడుతుంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, వారిలో పలువురు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ శివారులోని న్యూటన్ పట్టణంలో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళను ఈ ప్రశ్నే అడిగి 1970ల తొలినాళ్ళలో ఫలితాలు ప్రకటించాడు. సగానికి పైగా జనం తెలిసినవాళ్ళ ద్వారానే ఉద్యోగం సంపాదించారు, అందులో ఆశ్చర్యం లేదు. అయితే అలా పొందినవారిలో, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళు సుమారు 17 శాతమే. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో కలిసేవాళ్ళు దాదాపు 28 శాతం. దీన్ని నేను చదివే నాటికే అనుభవించి ఉన్నాను. డిగ్రీ అయ్యాక బంధువులందరినీ అడిగితే అందరూ అవే నాలుగు కంపెనీల పేర్లు చెప్పారు, ఎందుకంటే వాళ్ళందరికీ చెప్పినవాడు ఒక్కడే. చివరికి నాకు విశాఖలో ఉద్యోగం చూపించినది శ్రీకాకుళంలో కోచింగు రోజుల్లో పక్క గదిలో ఉండి, ఆ తరువాత రెండేళ్ళపాటు పలకరింపు కూడా లేని పార్వతీపురం అబ్బాయి.

ఇప్పుడు ఉద్యోగులను ఎంపిక చేసే బల్లకు అవతలి వైపు నేను కూర్చుంటున్నాను. ఊళ్ళో 'రికమండేషన్' అంటే చిన్నచూపు, ఆఫీసులో అదే 'రిఫరల్' అయితే బోనసు. రెండింటి మధ్య తేడా ఒక్కటే, తెచ్చినవాడికి పూచీ ఉందా లేదా అన్నది. లోరీ బీమన్, జెరెమీ మాగ్రూడర్ అనే ఆర్థికవేత్తలు కోల్‌కతాలో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక మనిషిని తెస్తే చాలు డబ్బిస్తామన్న వారితో పోలిస్తే, కొత్తగా వచ్చిన మనిషి పనితీరును బట్టి డబ్బిస్తామన్న వారు చుట్టాలను తగ్గించి, తోటి పనివాళ్ళను ఎక్కువగా తెచ్చారు. బావమరిది ఎంత పనిమంతుడో మనకు ముందే తెలుసన్నమాట!

ఎవరికీ తెలియనివాళ్ళ సంగతే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మంచి పనివాళ్ళు తమలాంటివాళ్ళను లోపలికి పిలుచుకుంటూ పోతే, బయట దరఖాస్తు పట్టుకుని నిలబడినవాళ్ళను సంస్థలు తక్కువగా అంచనా వేసి తక్కువ జీతమే ఇవ్వజూపుతాయని జేమ్స్ మాంట్‌గోమరీ అనే ఆర్థికవేత్త 1991లోనే లెక్క కట్టి చూపాడు. బీమన్, మాగ్రూడర్ మరొకరితో కలిసి ఆఫ్రికా దేశమైన మలావీలో చేసిన అధ్యయనంలో, ఎవరినైనా తీసుకురావచ్చంటే మగవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళనే తెచ్చారు. అర్హతగల ఆడవాళ్ళు వారికి తెలియక కాదు. మా పిన్ని కూతురు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో ఖాళీలున్నాయని మా వీధి కుర్రాళ్ళు నలుగురికి తెలిసినా, ఆ అమ్మాయికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. అడిగితే, 'ఆడపిల్లకి అంత దూరం ఎందుకులే అనుకున్నాం అన్నయ్యా' అన్నారు. ఆ నలుగురిలో కెమిస్ట్రీ చదివినవాడు ఒక్కడే.

మరుసటి ఏడాది ఆమె పేపర్లో ప్రకటన చూసి, సొంతంగా ఇంటర్వ్యూకు వెళ్ళి, ఆ చుట్టుపక్కలే మరో కంపెనీలో చేరింది. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా వీధి ఆడపిల్లలు ముగ్గురు ఆమె ఫోన్ నంబరు రాసుకున్నారు. ముగ్గురిదీ కెమిస్ట్రీయే.