చర్చిల్‌లో ఎలుగుబంటి లేవదు

కెనడాలోని విన్నిపెగ్ నుంచి, హడ్సన్ బే ఒడ్డున ధ్రువపు ఎలుగుబంట్లకు పేరుపడ్డ చర్చిల్ ఊరికి రోడ్డు లేదు. విమానం టికెట్ ధర చూసి గుండె గుభేలుమంది, రైలెక్కాను. దాదాపు 1,700 కిలోమీటర్లు. దారిలో థాంప్సన్ అనే ఊరు దాటాక మరీ నత్తనడక. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండాల్సిన నేల కరిగి, పట్టాలు కుంగుతుంటాయి. 2017 వరదలకు లైను కొట్టుకుపోతే ఏడాదికి పైగా ఊరికి రైలే రాలేదు. ఇక ఆలస్యమైందని ఎవరి మీద విసుక్కుంటాం?

ఊరి గురించి రాయడానికి పెద్దగా లేదు. కూరగాయల ధరలు చూస్తేనే ఆకలి చచ్చిపోతుంది. కార్లకు తాళాలు వేయరు, ఎలుగు ఎదురైతే ఎవరైనా గభాల్న దూరిపోవచ్చని. ఊళ్లోకొచ్చిన ఎలుగులకు జైలు కూడా ఉంది. అక్కడ తిండి పెట్టరు, అలవాటు పడితే మళ్లీ వస్తాయి కదా.

అసలు కథంతా టండ్రా బగ్గీలోనే. మనిషెత్తు టైర్లున్న బస్సు లాంటి బండి అది. వందల డాలర్లు పోసి ఎక్కామేమో, ఎలుగు ఏదో ఒకటి చేసి చూపించాలని అందరికీ ఆశ. అదేమో పిల్లను పక్కనేసుకుని విల్లో పొదల దగ్గర పడుకుంది. గంట గడిచింది, కదల్లేదు. "బతికే ఉందా?" అని వెనక సీటాయన గొణిగాడు. నాకూ చిరాగ్గానే ఉంది.

లేస్తే దానికే నష్టమంది మా గైడ్. సీళ్లను వేటాడాలంటే కాళ్ల కింద సముద్రపు మంచుండాలి. వేసవిలో అది కరిగిపోయిన దగ్గర్నుంచి నవంబరులో మళ్లీ గట్టిపడేదాకా ఒంట్లో కొవ్వే కూడు. రోజుకు దాదాపు కిలో బరువు పోతుంది, అటూ ఇటూ తిరిగితే ఇంకా ఎక్కువ. 1980లతో పోలిస్తే ఆ పస్తుల కాలం మూడు నాలుగు వారాలు పెరిగింది. పశ్చిమ హడ్సన్ బేలో 1987లో ఎలుగులు దాదాపు 1,200. 2021 అంచనాలో 618.

మధ్యాహ్నం దాటాక అది తనంతట తానే లేచి బండి దగ్గరికొచ్చింది. వెనక డెక్‌కు నేల ఇనుప జాలీ. సరిగ్గా దాని కింద నిలబడి నా బూట్లు వాసన చూసింది. ముక్కు మీద పాత గీతలు, జాలీలోంచి పైకొచ్చే వెచ్చటి ఊపిరి, వెనక్కి తిరిగినప్పుడు తోలు కింద తేలిన తుంటి ఎముకలు. కాస్త దూరం పోయి కూర్చుని పిల్లకు పాలిచ్చింది. కెమెరాలన్నీ ఒక్కసారిగా టకటకలాడాయి.

ఆ పాల సంగతి చెప్పి గైడ్ మా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. పీసీబీలనే విష రసాయనాలను చాలా దేశాలు 1970లు, 80ల్లోనే ఆపేశాయి. అయినా అవి గాలిలో, సముద్ర ప్రవాహాల్లో ఉత్తరానికి చేరి, నాచు నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు, సీల్ కొవ్వు నుంచి ఎలుగుకు ఎక్కుతూ అంతకంతకూ చిక్కబడ్డాయి. కొవ్వులో దాగి ఉన్నంతకాలం కొంత నయం. పస్తులతో ఆ కొవ్వు కరిగితే విషం రక్తంలోకి, పాలలోకి దిగుతుంది. మంచు ఎంత ఆలస్యమైతే పాలు అంత తగ్గుతాయి, వాటిలో విషం మోతాదు అంత పెరుగుతుంది. మంచు కరగడాన్ని, కాలుష్యాన్ని వేర్వేరు వార్తలుగా చదివినవాణ్ణి. రెండూ ఆ పిల్ల నోటి దగ్గర కలిశాయి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం పీసీబీలను కట్టడి చేసింది సరే, నాన్‌స్టిక్ పూతల్లో వాడే పీఎఫ్ఏఎస్ జాతి రసాయనాలు ఇప్పుడు ఎలుగుల రక్తంలో తేలుతున్నాయి. ఒకదాన్ని ఆపేలోపు ఇంకోటి.

రాత్రి భోజనాల దగ్గర ఒక స్థానికుడు కలిశాడు. సీజన్లో టూరిస్టు బండి నడుపుతాడు, వేసవిలో రేవులో పని. 2016లో రేవు నుంచి ధాన్యం ఎగుమతి ఆగిపోయినప్పుడు పడ్డ ఇబ్బందులు ఏకరువు పెట్టాడు. మంచు లేని రోజులు పెరిగితే ఓడలు ఎక్కువ వస్తాయని ఆయన ఆశ. కాదనడానికి నాకు నోరు రాలేదు, నేను తిరిగిన బగ్గీ కూడా డీజిల్‌దే.

"మరి ఎలుగులు పోతే మీ టూరిస్టు బండి?" అన్నాను.

"అందుకేగా రేవు కావాలనేది" అని సూపులో రొట్టె ముంచుకున్నాడు.