దీర్ఘకాలిక మెనింజైటిస్: ఎండీ మెడిసిన్ పరీక్షకు నేను చదివిన పద్ధతి

మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) పాఠం తీయగానే మనలో చాలామందిమి మొదట సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) పరీక్షల పట్టికను కంఠస్థం చేస్తాం. లక్షణాలు నాలుగు వారాలు దాటిన పెద్దవారి కేసులో ఆ పట్టిక పెద్దగా ఆదుకోదు. లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు), ప్రోటీన్ పెరిగి గ్లూకోజ్ తగ్గడమనేది టీబీకి ఎంత సరిపోతుందో క్రిప్టోకోకస్ అనే ఫంగస్‌కూ, మెదడు పొరలకు పాకిన క్యాన్సర్‌కూ, కొన్నిసార్లు సార్కాయిడోసిస్‌ అనే ఇన్‌ఫ్లమేషన్ జబ్బుకూ అంతే సరిపోతుంది. అందుకని నేను నోట్సును జబ్బుల పేర్లతో కాకుండా ఆధారాల పేర్లతో రాసుకుని, ప్రతి ఆధారం ఎటు మొగ్గుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో పక్కనే చేర్చుకున్నాను.

ఎక్కువ సమయం ఇమేజింగ్‌కే (స్కాన్లు, ఎక్స్‌రేలకే) ఇచ్చాను, దానికి తగిన ఫలితమూ దక్కింది. మెదడు అడుగుభాగంలో ఎక్స్యుడేట్లు (వాపు వల్ల చేరిన చిక్కటి పదార్థం), హైడ్రోకెఫలస్ (మెదడులో ద్రవం నిలిచిపోవడం), మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా ప్రాంతంలో ఇన్‌ఫార్క్టులు (రక్తం అందక దెబ్బతిన్న భాగాలు) కలిసి కనిపించి, వాటికి కంటిని పక్కకు తిప్పే ఆరో క్రేనియల్ నాడి బలహీనత, ఛాతీ ఎక్స్‌రేలో మిలియరీ (చిన్న గింజల్లాంటి) నీడలు తోడైతే టీబీ వైపు బలంగా మొగ్గవచ్చు. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 (రోగనిరోధక కణాలు) సంఖ్య 100 కంటే తగ్గిన రోగిలో, సీఎస్‌ఎఫ్ కణాలు తక్కువగా ఉన్నా ఓపెనింగ్ ప్రెషర్ (వెన్నులో సూది పెట్టగానే కొలిచే ద్రవపు ఒత్తిడి) 25 సెంటీమీటర్ల నీటి మట్టం దాటితే ముందుగా క్రిప్టోకోకల్ యాంటిజెన్ అడగాలి; ఈ ఫంగస్‌ను సూక్ష్మదర్శినిలో చూసే ఇండియా ఇంక్ పరీక్ష నెగటివ్ అయినంత మాత్రాన దాన్ని కొట్టివేయలేం.

స్కోర్ల విషయంలో పరీక్షకులు తరచూ మెలిక పెడతారు. 2002లో వియత్నాం రోగుల ఆధారంగా వచ్చిన థ్వైట్స్ స్కోరులో వయసు, జబ్బు వ్యవధి, రక్తంలో తెల్లకణాలు, సీఎస్‌ఎఫ్ కణాలు, వాటిలో న్యూట్రోఫిల్స్ (మరో రకం తెల్లకణాలు) శాతం లెక్కలోకి వస్తాయి. మొత్తం 4 లేదా అంతకంటే తక్కువైతే టీబీ అంటారు. అయితే అది టీబీని బాక్టీరియల్ మెనింజైటిస్ నుంచి వేరు చేయడానికి రూపొందినది కాబట్టి, క్రిప్టోకోకస్ అనుమానం ఉన్న ప్రశ్నలో దాన్ని ప్రయోగిస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది.

అల్ట్రా పరీక్ష (టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికేది) పాజిటివ్ వస్తే నిర్ధారణ దాదాపు పూర్తయినట్టే, నెగటివ్ వస్తే మాత్రం టీబీ లేదని చెప్పలేం. టీబీలో పెరిగే ఏడీఏ అనే ఎంజైమ్ చీము (బాక్టీరియల్) మెనింజైటిస్‌లోనూ పెరుగుతుంది. కల్చర్‌కు వారాలు పడుతుంది, పైగా సీఎస్‌ఎఫ్ తగినంత పంపకపోతే ఫలించే అవకాశం తగ్గుతుంది. తొలి రోజుల్లో టీబీలోనే న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉండవచ్చు. అవి వారాల తరబడి అలాగే కొనసాగితే నోకార్డియా అనే బాక్టీరియా, ఫంగస్‌ల గురించి ఆలోచించాలి. సిఫిలిస్, బ్రుసెల్లా ఒక్క వాక్యంతో సరిపోతాయి గానీ, పశువుల పెంపకం, పచ్చిపాలు అన్న మాటలు ప్రశ్నలో ఊరికే రావు, అవి బ్రుసెల్లాకు సూచనలు.

దీర్ఘ సమాధానం రాసేటప్పుడు చికిత్సకు స్పందనను కూడా ఒక ఆధారంగానే పరిశీలించండి. మందులు మొదలయ్యాక పరిస్థితి దిగజారితే నిర్ధారణ తప్పని తేల్చకముందు పారడాక్సికల్ రియాక్షన్ (మందులు పనిచేస్తున్నా వాపు తాత్కాలికంగా పెరగడం), పెరిగిన హైడ్రోకెఫలస్, మందులకు లొంగని టీబీ ఉన్నాయేమో చూడాలి. టీబీ మందులను డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చినప్పుడు మెరుగుపడినా అది టీబీకి రుజువు కాదు, ఎందుకంటే లింఫోమా, సార్కాయిడోసిస్ కూడా స్టెరాయిడ్‌కు కొంతకాలం తగ్గుతాయి. ఆలస్యం ప్రమాదకరమైన జబ్బు కనుక చికిత్సను ఆపి ఉంచమని కాదు. వీలైతే మొదటి స్టెరాయిడ్ డోసుకు ముందే సైటాలజీకి (క్యాన్సర్ కణాల కోసం చేసే పరీక్షకు) ఎక్కువ పరిమాణంలో సీఎస్‌ఎఫ్ పంపాలని, అనుమానం మిగిలితే ఆ పరీక్షను మళ్లీ చేయించాలని సమాధానంలో స్పష్టంగా రాయండి.