మోకాళ్ల దగ్గర తెల్లబడుతున్న నా జీన్స్

మూడేళ్లుగా వేసుకుంటున్న ఈ జీన్స్ ఇప్పటికి నాకు నచ్చిన రంగుకి వచ్చింది. కొన్నప్పుడు అట్టలా బిరుసుగా ఉండేది. చదరపు గజానికి 14 ఔన్సులు తూగే గుడ్డ, నేశాక నీళ్లు తగలనిది.

ఈ రంగు మారడమంతా అద్దకంలోనే ఉంది. పడుగు నూలును, అంటే గుడ్డలో నిలువుగా ఉండే పోగుల్ని, లావుపాటి తాళ్లలా చేర్చి నీలిమందు తొట్టిలో ముంచుతారు. బయటికి తీసినప్పుడు నూలు పచ్చగా ఉంటుంది, గాలి తగిలాకే నీలమవుతుంది. మళ్లీ ముంచుతారు, మళ్లీ గాలికి పెడతారు. ఎన్నిసార్లు ముంచినా రంగు పోగు పైపొరలోనే నిలుస్తుంది, లోపలంతా తెలుపే. రాపిడి తగిలిన చోట ఆ తెలుపు బయటపడుతుంది. నా మోకాళ్ల దగ్గర, ఫోన్ పెట్టుకునే జేబు మీద జరిగింది అదే. అడ్డంగా నేసే పేక నూలుకి రంగే వేయరు.

జీన్స్ కాలి చివర పైకి మడిస్తే గుడ్డ అంచు కనిపిస్తుంది. నాడె మగ్గం మీద, అంటే పేక పోగును మోసుకెళ్లే నాడె అటూ ఇటూ ఆడే పాతకాలపు మగ్గం మీద, ఆ పోగు తెగకుండా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి అంచు దానంతటదే మూసుకుంటుంది. నిదానమైన మగ్గాలు, గుడ్డ వెడల్పూ తక్కువే. జపాన్‌లోని ఒకయామా ప్రాంతంలో ఇంకా వాటిమీద నేస్తున్నారంటే నాకెంతో సంతోషం.

జేబు మూలల్లోని రాగి రివెట్లకి జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నారు. నా జీన్స్‌కి ఒక్కటీ ఊడలేదు. పోయిన నెల తొడల మధ్య గుడ్డ పలచబడితే లోపలినుంచి అతుకు వేయించాను.