ఫార్మాట్ కొట్టెయ్యమంటాడు

సిస్టమ్ బాగైంది. ఇది రాస్తున్నది అందుకు కాదు. "ఫార్మాట్ కొట్టెయ్యమ్మా, అరగంట పని" అన్నాడే మావాడు, ఫోన్లోంచి తలెత్తకుండా, అది ఇంకా మింగుడు పడట్లేదు.

పొద్దున్నుంచి స్టార్ట్ మెనూ తెరుచుకోలేదు. సెట్టింగ్స్ ఇలా వచ్చి అలా మాయం. నిన్న విండోస్ అప్‌డేట్ మధ్యలో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసిన పుణ్యాత్ముడెవరో నాకు తెలుసు. "హ్యాంగ్ అయింది కదా" అంటాడు. పైగా సలహా ఒకటి! నా ఫాంట్లు, కీబోర్డు లేఅవుటూ అన్నీ మళ్లీ ఎవరు పెడతారు? వాడికేం, వాడి లోకమంతా ఫోన్లోనే.

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ కొట్టాను, పాడైన విండోస్ ఫైళ్లని వెతికి బాగుచేసే కమాండ్ అది. నూరు శాతం దాకా లాక్కొచ్చి, పాడైన ఫైళ్లు దొరికాయి గానీ కొన్నిటిని బాగుచెయ్యలేకపోయానంది. ఏవో చెప్పదు.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇదే కమాండ్ మధ్యలో ఆగి విండోస్ సీడీ పెట్టమనేది. నాన్న దాన్ని బీరువాలో పాస్‌బుక్కుల పక్కన దాచేవారు. తీసి, ఊది, చొక్కా అంచుతో తుడిచి, ట్రేని వేలితో మెల్లగా తోసేవారు. సీడీ మీద ఒక గీత. డ్రైవు గుర్రుమన్నప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఒకసారి ఇక లాభం లేదని నేనే ఫార్మాట్ చేశాను. ఆయన టైప్ చేసుకున్న ఉత్తరాలన్నీ పోయాయి. ఒక్క మాటనలేదు. మర్నాడు మొదటి ఉత్తరం నుంచి మళ్లీ మొదలుపెట్టారు, రెండు వేళ్లతో.

ఇప్పుడు సీడీ అక్కర్లేదు. మంచి కాపీలు డిస్కులోనే, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్లో ఉంటాయి. అవే చెడితే ఎస్‌ఎఫ్‌సీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ముందు డిజమ్ అనే ఇంకో కమాండ్‌తో రీస్టోర్‌హెల్త్ నడిపి ఆ నిల్వని బాగుచేసుకోవాలి, తర్వాతే ఎస్‌ఎఫ్‌సీ. నేను తిరగేసి చేశాను.

డిజమ్ 62.3 శాతం దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై... కదలదు. నా చెయ్యి పవర్ బటన్ మీదకెళ్లింది. నిజం. పొద్దున్నుంచి ఎవణ్ణి తిట్టానో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. పాపం, వాడి ముందూ ఇలాగే బిగుసుకుని ఉంటుంది. అయినా అడగొచ్చుగా నన్ను!

అరగంటకి కదిలింది. రెండోసారి ఎస్‌ఎఫ్‌సీ అన్నీ బాగుచేశానంది. ఈ రిపేర్ల చిట్టా ఉండే సీబీఎస్ లాగ్ తెరిచి, ఎస్‌ఎఫ్‌సీ రాసినవి, ఎస్‌ఆర్ అని ఉన్న వరసలు వెతికితే దొరికిన పేర్లు ఒక్కటీ ఎప్పుడూ విన్నవి కావు.

మంచినీళ్లకి లేచి వచ్చి "ఫార్మాట్ చేశావా?" అన్నాడు. లేదన్నాను. మళ్లీ పడుకున్నాడు.

రేపు డిస్కులో లోపాలు చూసే చెక్‌డిస్క్ ఒకటి పెట్టాలి. ఇవాళ్టికి షట్‌డౌన్, మెనూలోంచే.