డిక్కీ వేసిన ప్రతిసారీ

నిన్న చీకటి పడ్డాక కారు లైట్లు వేసి ఉండగానే మళ్లీ డ్యాష్‌బోర్డు నల్లబడిపోయింది. దిగి వెనక్కి వెళ్లాను. టెయిల్ ల్యాంపులు రెండూ వెలగడం లేదు, నంబర్ ప్లేటు లైటూ అంతే. మా ఆవిడని బ్రేకు తొక్కమంటే బ్రేకు లైట్లు మాత్రం భేషుగ్గా వెలిగాయి. వాటి ఫ్యూజు వేరు. టెయిల్ ల్యాంపుల ఎర్రటి 10 ఆంప్స్ ఫ్యూజు లాగి చూస్తే మధ్యలో తీగ తెగి ఉంది. నెలలో ఇది మూడోది.

మొదటి రెండుసార్లూ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. నేను చెప్పిందంతా విని జాబ్ కార్డులో రాసుకున్నది ఒక్క ముక్క: టెయిల్ ల్యాంప్ పనిచేయడం లేదు. మొదటిసారి ఫ్యూజు మార్చి ఇచ్చేశారు. రెండోసారి ఫ్యూజు మార్చడంతో పాటు, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కూడా పెట్టి, కోడ్ ఏమీ లేదు, లోపం కనిపించలేదు అన్నారు. వాళ్ల ముందు కారు బుద్ధిమంతుడిలా వెలుగుతూ నిలబడింది. అబద్ధం చెప్తున్నది నేనేనేమో అనిపించింది. ఇలాంటి సాదా బల్బుల వైరు ఎక్కడో బాడీకి తగిలి షార్ట్ అయితే స్కానర్‌కి ఏం తెలుస్తుంది? ఆ సంగతి నాకూ ఇవాళే అర్థమైంది లెండి.

పొద్దున ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు, 20 ఆంప్స్ వేసెయ్, పోదు అని. నిజమే, ఫ్యూజు అంత త్వరగా పోకపోవచ్చు. దాని బదులు వైరు కాలొచ్చు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగే బండిలో నాకంత ధైర్యం లేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఒక కార్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. పెద్దాయన. బానెట్ ఎత్తలేదు, స్కానర్ తీయలేదు. "ఫ్యూజు పోయే ముందు ఏం చేశారు సార్?" అని అడిగాడు. ఇన్నాళ్లకి నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. గుర్తు చేసుకుంటే, నిన్న లైట్లు ఆపకుండానే సామాన్లు పెట్టి డిక్కీ వేశాం. అంతకు ముందూ అంతే. మొట్టమొదటిసారి సంగతి గుర్తు లేదు కానీ అదీ ఏదో సామాన్ల రోజే అయ్యుంటుంది.

ఆయన నేరుగా డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య ఉండే నల్లటి రబ్బరు గొట్టం దగ్గరికెళ్లి, దాని కొస ఊడదీసి వెనక్కి జరిపాడు. వేలెడు మందాన వైర్ల కట్ట. తలుపు లేపినప్పుడల్లా, దించినప్పుడల్లా అది ఒకే చోట మడత పడుతుందట. ఒక వైరు తొడుగు సరిగ్గా ఆ మడత దగ్గర పగిలి, లోపలి రాగి బయటపడింది. నంబర్ ప్లేటు లైటుకి పోయే వైరు. లైట్లు వేసి ఉండగా తలుపు ఒక కోణంలోకి వస్తే ఆ రాగి వెళ్లి కీలు ఇనుముకి తగులుతోంది. అంతే, ఆ లైటుకీ టెయిల్ ల్యాంపులకీ డ్యాష్‌బోర్డు వెలుతురుకీ నా బండిలో ఫ్యూజు అదొక్కటే కాబట్టి అన్నీ ఒకేసారి చస్తున్నాయి. తలుపు పూర్తిగా మూసేశాక రాగి మళ్లీ దూరం జరుగుతుంది. కొత్త ఫ్యూజు వేస్తే బండి నిక్షేపంగా ఉంటుంది, మళ్లీ డిక్కీ తీసేదాకా.

టేపు చుట్టి పంపేస్తాడనుకున్నాను. చుట్టలేదు. మడత పడే ముక్క మొత్తం కోసేసి, సన్నటి పోగులున్న మెత్తటి వైరు కాస్త వదులుగా వేసి, అతుకులు రెండూ గొట్టం బయటికి, కదలని చోటికి తెచ్చాడు. మడత దగ్గర టంకం పెడితే అది కర్రలా బిగుసుకుని, పక్కనే మళ్లీ విరుగుతుందట.

ఇంటికొచ్చాక లైట్లు వేసి, మా అమ్మాయి చేత డిక్కీ ఇరవైసార్లు తీయించి వేయించాను. నేను డ్రైవర్ సీట్లో డ్యాష్‌బోర్డు అంకెల మీంచి కళ్లు తిప్పకుండా కూర్చున్నాను. పన్నెండోసారికే "ఇంక చాలు నాన్నా" అంది. ఆరిపోలేదు.

వెనక వైపర్ వైరుకి కూడా సన్నగా పగుళ్లు మొదలయ్యాయని చూపించాడు పెద్దాయన. ఆదివారం మళ్లీ రమ్మన్నాడు. అప్పటిదాకా సామాన్లు వెనక సీట్లోనే.