కూడికల సర్వరు నుంచి గోంగూర సర్వరు దాకా

మొన్న ఆదివారం పిన్ని వాళ్ళింటికి వెళ్తే తమ్ముడు (పిన్ని కొడుకు, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్) లాప్‌టాప్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు, మంగళవారం ల్యాబ్ ఇంటర్నల్ అంట, జావా ఆర్‌ఎమ్‌ఐ (ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్ మీద ఇంకో మెషీన్లోని మెథడ్‌ని పిలిచే పద్ధతి) అంట. చూస్తే అదే పాత కాలిక్యులేటర్, ఇంటర్‌ఫేస్‌లో (ఏయే మెథడ్లు పిలవచ్చో చెప్పే జాబితా) యాడ్ అని ఒక మెథడ్, రెండు నంబర్లు పంపితే సర్వర్ కూడి ఇస్తుంది. నేను చదివేటప్పుడూ ఇదే. 1997లో జావా 1.1తో వచ్చిన సరుకు, ఇప్పుడు కొత్తగా మొదలెట్టే ప్రాజెక్టుల్లో పెద్దగా కనపడదు, మా ఆఫీసులో అయితే అంతా జీఆర్‌పీసీనే (ఇలాంటి పనికే వాడే కొత్త సరుకు). అయినా ఇంటర్‌ఫేస్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య ఏం జరుగుతుందో చూడాలంటే నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం.

రెండూ మూడూ కూడటానికి నెట్‌వర్క్ ఎందుకురా, మీ అమ్మ పచ్చళ్ళ ఆర్డర్లు తీసుకునే సర్వీస్ రాద్దాం పట్టు అన్నాను. (పిన్ని ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, లెక్కంతా ఒక నోట్‌బుక్‌లో.) రెండే మెథడ్లు, స్టాక్ ఎంతుందో చెప్పేది ఒకటి, ఆర్డర్ పెట్టేది ఒకటి. ఇంటర్‌ఫేస్ రిమోట్‌ని ఎక్స్‌టెండ్ చెయ్యాలి, ప్రతి మెథడ్ చివరా త్రోస్ రిమోట్ ఎక్సెప్షన్ (నెట్‌వర్క్ మీద చేసిన కాల్ తేడా కొడితే వచ్చే ఎర్రర్) అని రాయాలి. "ఇది అన్నిటికీ ఎందుకన్నా, సార్ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాం గానీ" అన్నాడు. సాయంత్రానికి నీకే తెలుస్తుందిలే అన్నాను.

ల్యాబ్ మాన్యువల్లో స్టబ్ (సర్వర్ తరఫున క్లయింట్ దగ్గర ఉండి కాల్‌ని అటు చేరవేసేది) తయారు చెయ్యడానికి ఆర్‌ఎమ్‌ఐసీ కమాండ్ కొట్టమని ఉంది, కొడితే కమాండ్ నాట్ ఫౌండ్. వీడి దగ్గరున్నది జావా 17, ఆ టూల్‌ని 15లోనే పీకేశారు, అసలు జావా 5 నుంచే స్టబ్ రన్‌టైమ్‌లో దానంతటదే తయారవుతుంది. ఆ స్టెప్ మొత్తం ఎగ్గొట్టేశాం. ఇంప్లిమెంటేషన్ క్లాస్ రాసి, యూనికాస్ట్ రిమోట్ ఆబ్జెక్ట్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి (అంటే బయటి కాల్స్ అందుకునేలా పెట్టి), 1099 పోర్ట్‌లో రిజిస్ట్రీ (పేరు చెప్తే దాని స్టబ్ ఇచ్చే డైరెక్టరీ) లేపి అందులో పచ్చళ్ళు అనే పేరుతో బైండ్ చేశాం. వాడి లాప్‌టాప్‌లోనే క్లయింట్ కూడా రన్ చేస్తే గోంగూర ఎనిమిది కేజీలు అని వచ్చింది, వాడి మొహం వెలిగిపోయింది.

ఆగు, అసలు కథ ఇప్పుడుంది అని క్లయింట్‌ని నా లాప్‌టాప్‌లోకి మార్చాను. లుకప్ (రిజిస్ట్రీలో పేరు వెతకడం) బానే అయింది, స్టబ్ చేతికొచ్చింది, తీరా మెథడ్ కాల్ చేస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్ టు హోస్ట్ 127.0.1.1. ఇక్కడ మేం అరగంట పైనే గింజుకున్నాం, వైఫై అనుకుని ఒకసారి, ఫైర్‌వాల్ అనుకుని ఇంకోసారి. సంగతేంటంటే స్టబ్ అనేది ఒక రకంగా అడ్రస్ చీటీ, సర్వర్ తన ఐపీ ఏదనుకుంటుందో అదే అందులో రాసి ఇస్తుంది. వాడిది ఉబుంటు, అందులో హోస్ట్స్ ఫైల్లో మెషీన్ పేరుకి 127.0.1.1 అని ఉంటుంది, ఏ మెషీన్‌కైనా అది తన సొంత అడ్రసే. సర్వర్ పాపం అదే రాసిచ్చింది, ఆ చీటీ పట్టుకుని నా లాప్‌టాప్ తన తలుపు తనే కొట్టుకుంటోంది! సర్వర్ స్టార్ట్ చేసేటప్పుడు జావా.ఆర్‌ఎమ్‌ఐ.సర్వర్.హోస్ట్‌నేమ్ అనే ప్రాపర్టీలో ఇంటి వైఫై ఐపీ ఇస్తే పోయింది. ఇంకోటి, రిజిస్ట్రీది 1099 అయినా మన ఆబ్జెక్ట్‌కి వేరే పోర్ట్ ఉంటుంది, దానికి సున్నా ఇస్తే రన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకుంటుంది, ఫైర్‌వాల్ ఉన్నచోట దాన్ని కూడా ఫిక్స్ చేసుకోవాలి.

ఇక రిమోట్ ఎక్సెప్షన్ సంగతి. ఆర్డర్ మెథడ్‌లో టెక్స్ట్ ఫైల్లోకి ఒక లైన్ రాశాక కావాలనే పది సెకన్లు స్లీప్ పెట్టించాను. క్లయింట్ వైపు ఎర్రర్ వస్తే మళ్ళీ లుకప్ చేసి మళ్ళీ పంపే లూప్ వాడే రాశాడు, చాలా స్మార్ట్‌గా రాశానని ఫీలింగు. రెండు కేజీల గోంగూర ఆర్డర్ పెట్టాం, ఐదో సెకన్లో సర్వర్‌ని కంట్రోల్ సీ కొట్టి చంపేశా. క్లయింట్‌కి అన్‌మార్షల్ ఎక్సెప్షన్ (జవాబు చదవలేకపోయానని), లోపల ఈఓఎఫ్ (డేటా మధ్యలోనే ఆగిపోయిందని), అది కూడా రిమోట్ ఎక్సెప్షన్ పిల్లే. సర్వర్ మళ్ళీ లేపాం, లూప్ తన పని తాను చేసింది, సక్సెస్ అని ప్రింట్ అయింది. ఫైల్ తెరిస్తే రెండు లైన్లు, నాలుగు కేజీలు.

వాడు కాసేపు స్క్రీన్ వంకే చూసి "అంటే ఎర్రర్ వచ్చినా పని అయిపోయిందా అన్నా" అన్నాడు. అదేరా, మామూలు ఎక్సెప్షన్ అంటే పని ఎక్కడ ఆగిందో మనకి తెలుస్తుంది, ఇదొస్తే మాత్రం అయిందో కాలేదో మనకి తెలీదని అర్థం. లోకల్ మెథడ్‌లా కనపడుతుంది కదాని మర్చిపోతామని చెప్పి ఆ రోజుల్లో ప్రతి మెథడ్ నుదుటిమీదా రాయించారు, కంపైలర్ వదిలిపెట్టదు. జీఆర్‌పీసీలో జావా క్లయింట్ రాస్తే ఆ రాత ఉండదు, స్టేటస్ రన్‌టైమ్ ఎక్సెప్షన్ అది, పట్టుకోకపోయినా కంపైల్ అయిపోతుంది. మా టీమ్‌లో ఇలాంటి డబుల్ ఎంట్రీ బగ్ మీద రెండు రాత్రులు నిద్ర మానుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మార్చాల్సింది మళ్ళీ ఇంటర్‌ఫేస్‌నే. ఆర్డర్ మెథడ్‌కి ఇంకో పారామీటర్ పెట్టాం, ఆర్డర్ ఐడీ, అది క్లయింటే యూయూఐడీతో (ప్రతిసారీ వేరే ఐడీ ఇచ్చేది) ఒక్కసారి, లూప్ బయట, తయారు చేసుకోవాలి (వీడు ముందు లూప్ లోపల పెట్టాడు, ప్రతిసారీ కొత్త ఐడీ, మళ్ళీ నాలుగు కేజీలు). సర్వర్ రాసేముందు ఆ ఐడీ ఫైల్లో ఉందా చూస్తుంది, ఉంటే మళ్ళీ రాయకుండా సరే అనేస్తుంది. మళ్ళీ చంపాం, మళ్ళీ లేపాం, ఈసారి ఒక్క లైనే.

ఈలోపు పిన్ని కాఫీ తెచ్చి స్క్రీన్ మీద పాత ఫైల్ చూసి "ఏరా, నాలుగు కేజీల గోంగూర ఎవరడిగారు, డబ్బులిచ్చారా" అని నోట్‌బుక్ కోసం వెతకడం మొదలెట్టింది. తమ్ముడు మాత్రం రికార్డులో యాడ్ ప్రోగ్రామే రాస్తాడంట, మాన్యువల్లో అదే ఉందంట.